కొనేవాళ్ళు వచ్చినప్పుడల్లా

బ్రోకరు ఇంటిని ముందు ముక్కుతో చూశాడు, తర్వాతే కళ్ళతో. గుమ్మం బయట చెప్పులు విడిచి, రెండు ఫోన్లూ ఒకే చేతిలో పట్టుకుని, హాలు మధ్యలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు.

"ఏం వాసనమ్మా ఇది?"

"తైలం. మా ఆయన కాలికి రెండు పూటలా మర్దన చేస్తాను," అంది మేడక్క.

ఆమెకి పేరు లేక కాదు. రెండో అంతస్తులో ఉంటుంది కాబట్టి ఆ బిల్డింగులో చిన్నా పెద్దా అందరూ మేడక్క అనడం మొదలుపెట్టారు. ఆమె నెత్తి మీద మూడో అంతస్తులో ఉండేవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఇదెక్కడి వరసని మొదట్లో నవ్వేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడదు.

బ్రోకరు గదులన్నీ తిరిగాడు. మంగలి తన కుర్చీలో కూర్చున్నవాడి తల చూసినట్టు చూశాడు. లేవడానికి ఆసరాగా మంచం కోడుకి కట్టిన తాడు ఉండకూడదన్నాడు. గోడ వారన నిలబెట్టిన వాకరు కనిపించకూడదన్నాడు. కింద గిన్నె అమర్చిన కుర్చీని చూసి కాలితో కొంచెం పక్కకి జరిపాడు. కిటికీ గట్టు మీది మందుల డబ్బాలు చూసి, "మెడికల్ షాపు పెట్టుకోవచ్చమ్మా," అని తన జోకుకి తనే నవ్వాడు. పడకగది నుంచి స్నానాలగది దాకా గోడ మీద నడుమెత్తున నల్లటి చార ఒకటి సాగి ఉంది. దాని మీద వేలు రాసి చూసుకున్నాడు.

"ఇదేంటి, పైనుంచి నీళ్ళేమన్నా కారాయా?"

"కాదు. చెయ్యి."

"చెయ్యా?"

"ఆయన గోడ పట్టుకుని నడుస్తారు."

"ఓహో. రంగు వేయించేద్దాం."

తర్వాత ఫొటోలు. హాలు పెద్దదిగా కనిపించాలంటే స్టూలెక్కి మూల నుంచి తియ్యాలట. కిటికీ దగ్గర కుర్చీలో మేడక్క భర్త కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళు బస్సులో కండక్టరుగా నిలబడి తిరిగిన మనిషి. కుడి పక్కంతా పడిపోయాక ఆ కిటికీ దగ్గర నుంచి ఆకాశమూ ఎదురు బిల్డింగు నీళ్ళ ట్యాంకూ తప్ప ఏమీ చూడలేదు. "కాస్త అటు జరపమ్మా," అన్నాడు బ్రోకరు స్టూలు మీంచి. జరిపింది. ఇంకో మూల నుంచి తీస్తూ, "ఇప్పుడు ఇటు," అన్నాడు. మళ్ళీ జరిపింది. అలా ఫొటో ఫొటోకీ కండక్టరు కుర్చీతో సహా హాలంతా తిరిగాడు. ఒక ఫొటోలో ఆయన పాదాలు పడ్డాయని బ్రోకరు దాన్ని మళ్ళీ తీశాడు.

వెళ్ళబోతూ మెట్ల దగ్గర గొంతు తగ్గించాడు, తగ్గించవలసినంత కాదు.

"మరి సారు..."

"సారుకేం?"

"చెడ్డగా అనుకోవద్దమ్మా. కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు సారు కూడా లేకపోతే బాగుంటుంది. ఇంట్లో జబ్బుమనిషి కనిపిస్తే ఇంటికే జబ్బున్నట్టు చూస్తారు జనం. అలాంటి వాళ్ళని నేను మార్చలేను కదా. ఇంకో మాట, బిల్డింగులో వాళ్ళకి వివరాలేమీ చెప్పకండి. రేటు పడగొట్టేది ఎప్పుడూ పక్కవాళ్ళే."

మేడక్క హాల్లోకి చూసింది. కండక్టరుకి మాట పడిపోయింది గానీ చెవులు శుభ్రంగా ఉన్నాయి. ఆయన ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది.

"సరే," అంది ఆమె.

ఆ 'సరే' అనడానికి కారణం ఉంది. కాలికి కసరత్తులు చేయించే అమ్మాయి కిందటి వారం మొహమాటం లేకుండా చెప్పేసింది. "కాలు కదలడానికి ఒప్పుకునే రోజులివే ఆంటీ. చదును నేల మీద, బయట గాలిలో, రోజూ నడవాలి. హాల్లో నాలుగడుగులు నడిస్తే చాలదు. ఇప్పుడు పోగొట్టుకుంటే నేనొచ్చినా ఉపయోగం ఉండదు." ఆ బిల్డింగులో లిఫ్టు లేదు. ఊరి చివర కింద వాటా ఇల్లొకటి చూసుకున్నారు. దాని యజమాని నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే ఆ ఇల్లు, ఆ ఇల్లు దొరికితేనే ఆ కాలు.

రంగులవాళ్ళు వచ్చి రెండు రోజుల్లో గోడలన్నీ లేత పసుపు చేసి పోయారు. మిగిలిన పని మేడక్క చేసుకుంది. కుళాయిల మీది తెల్ల మరకల్ని నిమ్మచెక్కతో రుద్దింది. వంటగది గట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని, పాత టూత్‌బ్రష్షుతో పలకల సందులు గీకింది. పొయ్యి వెనక గోడకి పట్టిన జిడ్డు వదిలేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్నాళ్ళూ తను ఈ మురికిలోనా కాపురం చేసింది అనుకుని సిగ్గుపడింది. ఆ వెంటనే, ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళు మెచ్చుకోవాలని ఇంత పాటు పడుతోంది గానీ తన కోసం ఒక్కసారైనా ఇలా తోమిందా అనిపించి ఒళ్ళు మండింది. వాకరునీ గిన్నె కుర్చీనీ దాచడానికి బీరువా పక్కన గోడలో ఉన్న అరను ఖాళీ చేసింది. తలుపు వేసి చూసింది. ఇల్లు ఎంత అందంగా ఉందో! ఇక్కడ ఏ కష్టమూ రానట్టే ఉంది.

అప్పుడే వెనక చప్పుడైంది. కండక్టరు మంచం మీంచి లేచి, అలవాటు ప్రకారం ఎడమ చేత్తో గోడ పట్టుకుని స్నానాలగదికి బయలుదేరాడు. కాలికి రాసిన తైలం ఆ చేతికీ అంటుకుని ఉంది. పసుపు గోడ మీద అయిదు వేళ్ళూ పడ్డాయి.

"గోడ ముట్టుకోకండి!"

ఆ అరుపు ఆమెదే. అంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు. కండక్టరు చెయ్యి చటుక్కున వెనక్కి తీసేశాడు. పట్టుకోవడానికి ఏమీ లేకుండా, ఒంటికాలి మీద బరువేసి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో ఉంచి అలా నిలబడిపోయాడు. తప్పు చేసిన పిల్లాడిలా ఆమె ముఖంలోకి చూశాడు.

మేడక్క పరుగున వెళ్ళి ఆ చెయ్యి తన భుజం మీద వేసుకుంది. "పట్టుకోండి. గోడనీ పట్టుకోండి, నన్నూ పట్టుకోండి. నా నోరు పడిపోను, ఏం మాటన్నాను!" అంది. ఆయన గోడ వైపు చెయ్యి చాపలేదు. ఆ పూట, మర్నాడు కూడా, ఆమె వచ్చి భుజం ఇచ్చేదాకా మంచం మీదే కూర్చున్నాడు. ఇంటి కోసం మనిషా, మనిషి కోసం ఇల్లా అని ఆమె గుండెలో గుచ్చుకుంటూనే ఉంది. గోడ మీది వేళ్ళ గుర్తుల్ని మాత్రం గుడ్డతో తుడిచేసింది. తుడవక ఏం చేస్తుంది, పొద్దున్నే కొనేవాళ్ళు వస్తున్నారు.

దాచాలి సరే, ఎక్కడ దాచాలి? రెండంతస్తులు దించాక ఎండలో వీధిలో కూర్చోబెట్టలేదు కదా. కింద మెట్ల పక్కన ఉన్నది ఒక్కటే వాటా. ఆ వాటా గేటు పిన్నిది.

గేటు పిన్నితో మేడక్కకి మాటల్లేవు. పిన్ని ఒంటరి మనిషి, ఇంట్లోనే పుస్తకాల బైండింగు చేస్తుంది. జిగురు పెట్టిన అట్టలు ఆరాలంటే ఎండ కావాలి. ఆ కింద వాటాకి ఎండ వచ్చేది ఒక్క కిటికీ గట్టు మీదికే, అదీ కాసేపే. ఆ గట్టు మీద ఆరబెట్టిన బడి రిజిస్టర్ల మీద ఒకరోజు మేడక్క పూలకుండీల నీళ్ళు కారాయి. కట్ట మొత్తం ఉబ్బిపోయింది. ఆ రోజు పిన్ని గేటు దగ్గర నిలబడి పైకి చూస్తూ అన్న మాటలు ఎదురు బిల్డింగువాళ్ళు కూడా విన్నారు. మేడక్కేమీ తక్కువ తినలేదు, తను కూడా నాలుగు వడ్డించింది. అప్పటి నుంచీ ఒకరు మెట్లెక్కుతుంటే ఒకరు తలుపేసుకోవడమే.

ఇప్పుడు ఆ గుమ్మంలో నిలబడి మేడక్క నీళ్ళు నమిలింది.

పిన్ని పీట మీద కూర్చుని, కుట్టిన కాగితాల కట్టకి వెన్ను మీద జిగురు రాస్తోంది. తల ఎత్తలేదు. "ఏంటి, ఈసారి నీళ్ళు పొయ్యకముందే చెప్పిపోదామని వచ్చావా?"

"కాదు పిన్నిగారూ. చిన్న సాయం." వచ్చిన పని చెప్పింది. ఎంత మెత్తగా చెబుదామన్నా ఆ విషయం మెత్తబడలేదు.

పిన్ని కుంచె ఆగిపోయింది. "అంటే మనిషిని దాచిపెట్టడానికి నా ఇల్లు గోడౌనా?"

మేడక్క కళ్ళు నిండిపోయాయి. వెనక్కి తిరిగింది.

"ఎక్కడికా పోవడం? నేను రానివ్వనన్నానా? ఈ కాలంలో మనుషులకి ఒక మాట పూర్తిగా వినే ఓపికే లేదమ్మా." పిన్ని చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "తీసుకురా. కానీ సామాన్లు దించినట్టు దించకు. చుట్టం వచ్చినట్టు రావాలి. మంచి చొక్కా వేసి, తల దువ్వి తీసుకురా. నేను పీట తీసి కుర్చీ వేస్తాను."

దించే పని ఎదుటి సైకిల్ షాపు అతనిదీ, అతని బావమరిదిదీ. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలో కండక్టర్ని కూర్చోబెట్టి, కింద ఒకడు, పైన ఒకడు పట్టుకున్నారు.

"బావా, నువ్వు పైనుండి బరువంతా నా మీదికే తోస్తున్నావు!"

"మీ అక్కని నా మీదికి తోసినప్పుడు నేనేమన్నా అన్నానట్రా? మొయ్యి."

మలుపులో కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. మేడక్క రెండు చేతులూ చాచింది. అప్పుడు వినిపించింది, మెట్లన్నీ మారుమోగేలా, ఒక్క అక్షరం కూడా తడబడకుండా: "హోల్డాన్!"

ముగ్గురూ కొయ్యబారిపోయారు. పధ్నాలుగు నెలలుగా ఆ నోట్లోంచి 'ఆ', 'వద్దు', 'నీళ్ళు' తప్ప మరో మాట వచ్చిందిలేదు. కండక్టరు వెనక్కి చూశాడు, కుర్చీ నాలుగు కాళ్ళూ సమంగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు, ఎడమ చేత్తో కుర్చీ అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్, రైట్," అన్నాడు. బావమరిదికి నవ్వాగక కుర్చీ వదిలేసేవాడే. మేడక్క గోడకి ఆనుకుని ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

మొదట వచ్చిన దంపతుల్లో భార్య ఫ్రిజ్జు పట్టే చోటుని జానలతో కొలిచి, భర్త కేసి చూసి పెదవి విరిచింది. తర్వాత ముగ్గురు అన్నదమ్ములు వచ్చారు. వాళ్ళలో చిన్నవాడు పైవాళ్ళ అడుగుల చప్పుడు వినిపిస్తుందేమోనని నేల మీద వెల్లకిలా పడుకుని చెవులు రిక్కించాడు. రిటైరైన పెద్దాయన ఒకాయన ప్రతి కిటికీ తెరిచి మూసి, "అద్భుతం, అద్భుతం" అని, మంచినీళ్ళు తాగి, తనకి కొనే ఉద్దేశమేమీ లేదని తాపీగా చెప్పాడు. ఊళ్ళో ఏ ఇల్లు అమ్మకానికి వచ్చినా చూసి వెళతాడట, అదొక కాలక్షేపమట. బ్రోకరు మాత్రం ప్రతివాళ్ళకీ ఒకే పాట పాడాడు: ధారాళంగా గాలి, ధారాళంగా వెలుతురు, మేడమ్‌గారు పెద్దింట్లోకి మారుతున్నారు. 'పెద్దింట్లోకి' అన్నప్పుడల్లా మేడక్క వంటగదిలోకి వెళ్ళిపోయేది.

వాళ్ళు వెళ్ళగానే ఆదరాబాదరాగా కిందికి దిగేది, మొగుణ్ణి పరాయి పంచన పడేసిన అపరాధంతో. తీరా చూస్తే కిందున్న మనిషికి ఏ లోటూ లేదు. పిన్ని ఆయన్ని పనిలో పెట్టేసింది. ఆయన కుడి చెయ్యి ఎత్తి కాగితాల దొంతర మీద పెట్టి, "కదలని చెయ్యి దొరకడం అదృష్టమయ్యా. నా ఇటుకరాయి కంటే నయం," అంది. ఎవరైనా వింటే ఏమనుకుంటారో అని లేదు. ఆయన గుర్రుగా చూసి, ఎడమ చేత్తో దారం బిగించి పట్టుకునేవాడు, ఆవిడ కుట్టుకుంటూ పోయేది. కిటికీ ఎదురుగా గేటు. వచ్చేపోయే వాళ్ళెవరైనా గేటు తీసి అలాగే వదిలేస్తే, అది రోజంతా గాలికి కొట్టుకుంటుంది. ఆ చప్పుడుతో ఎన్నేళ్ళుగానో పోట్లాడుతోంది కాబట్టే ఆవిడ గేటు పిన్ని అయింది. ఇప్పుడు ఆ పోట్లాట కండక్టరు తీసుకున్నాడు. "గేటు!" అని కిటికీలోంచి ఒక్క కేక వేస్తే, వెళ్ళేవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కొచ్చి గడియ పెట్టి మరీ పోతున్నారు.

"నా గొంతు పోతే పోయింది గానీ ఈయన గొంతొచ్చింది," అంది పిన్ని మేడక్కతో. చాలా రోజుల తర్వాత ఆవిడ సూటిగా ముఖంలోకి చూసి మాట్లాడిన మొదటి మాట అది.

ఆ వారం మధ్యలో ఒకరోజు ఎవరూ రామన్నారు. మేడక్క పొయ్యి దగ్గర ఉండగా కండక్టరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేత్తోనే ఎలా వేసుకున్నాడో ఏమో, నీలం చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకదానికొకటి తప్పిపోయాయి. తల తడిపి దువ్వాడు.

"ఇ...వాళ?"

"ఇవాళ ఎవరూ రావట్లేదండీ."

ఆయన ముఖం వాడిపోయింది. ఫోను వైపు చూపించాడు, బ్రోకరుకి చెయ్యమన్నట్టు. మేడక్కకి చివుక్కుమంది. "అంత తొందరగా ఉందా మీకు ఈ ఇల్లొదిలి పోవాలని? నాకు మాత్రం గుమ్మం దాటుతుంటే కాళ్ళాడవు."

"వద్దు. కిం...ద."

"అవునండీ, కింద వాటాయే చూశాం కదా, ఊరి చివర."

ఆయన మంచం పట్టె మీద గట్టిగా కొట్టాడు. "వద్దు!" అని కిటికీ వైపు కాకుండా, నేల వైపు వేలు పెట్టి చూపించాడు. వేలు అలాగే ఉంచి ఆమెకి అర్థమయ్యేదాకా చూశాడు.

"పిన్నిగారింటికా?"

అంత చిన్న ప్రశ్నకి ఆ ముఖం అంత విప్పారుతుందని ఆమె అనుకోలేదు. తను దాచుతున్నాననుకుంది, ఆయన షికారుకి వెళుతున్నాడు. తను సిగ్గుతో కుంగిపోతూ కొనేవాళ్ళ కోసం ఎదురుచూసింది, ఆయన వాళ్ళ కోసం తల దువ్వుకుని ఎదురుచూశాడు. మేడక్క గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది, బాల్కనీలోకి వెళ్ళి సైకిల్ షాపు వైపు కేకేసింది.

"ఎవరొస్తున్నారక్కా కొనడానికి?" అన్నాడతను కింద నుంచి.

"ఎవరూ లేరు తమ్ముడూ. మీ సారు చుట్టాలింటికి వెళ్తారట!"

చూడండి ఈ విడ్డూరం. ఇంత తెలిసినా ఆమె కళ్ళ ముందున్న సంగతి ఆమెకి తట్టలేదు. కింద ఇంటి కోసం ఊరి చివరి దాకా వెతికింది. కింద ఇంట్లోకి మొగుణ్ణి రోజూ దించుతోంది. ఊరందరికీ తన ఇల్లు తలుపులు తీసి చూపించింది. బ్రోకరు చెప్పాడు కదా అని, ఎందుకు అమ్ముతోందో, ఎలాంటి ఇల్లు కావాలో బిల్డింగులో ఒక్కరికీ నోరు విప్పి చెప్పలేదు. పిన్ని ఇల్లు అమ్మకానికి లేదు కాబట్టి అది ఆమె లెక్కలో ఇల్లే కాదు.

చూసి వెళ్ళినవాళ్ళలో బ్యాంకులో పనిచేసే ఒకాయన రెండోసారి కూడా వచ్చాడు. అంటే ఖాయమే అన్నాడు బ్రోకరు. మొదటిసారి ఒక్కడే వచ్చి చూసి నచ్చిందన్నాడు, ఇవాళ భార్యని వెంటబెట్టుకొచ్చాడు. నెలాఖరు దగ్గరికొచ్చేసింది. మేడక్క పొద్దున్నే నేల రెండుసార్లు తుడిచింది. తైలం వాసన పోవాలని కిటికీలన్నీ తీసి పెట్టింది. బ్యాంకాయన మర్యాదస్తుడు. ఏది ముట్టుకున్నా ముందు "చూడొచ్చాండీ?" అని అడిగేవాడు. గోడలు తట్టి చూశాడు, బాల్కనీలో నిలబడి ఎండని మెచ్చుకున్నాడు. అలాగే అడిగి, బీరువా పక్కనున్న అర తలుపు తీశాడు.

హడావిడిలో కుక్కిన వాకరు ఒక్కసారిగా జారి, ఆయన కాళ్ళ ముందు చప్పుడు చేస్తూ పడింది. దాని వెనకే గిన్నె కుర్చీ తొంగి చూసింది.

"ఇదెవరిదండీ?"

"పాత సామాను సార్, ఎవరిదో..." అని బ్రోకరు ముందుకు దూకాడు.

"మా ఆయనది," అంది మేడక్క.

"ఆయనెక్కడున్నారు?"

బ్రోకరు కళ్ళతో బతిమాలుతూనే ఉన్నాడు. కానీ ఆమెకి ఆ క్షణాన చెయ్యి గాలిలో ఉంచి నిలబడిన మనిషి తప్ప ఇంకేమీ కనిపించలేదు. "కింద దాచాం. మీరు చూస్తే ఇల్లు కొనరన్నారు. పెద్దింట్లోకి మారడం అబద్ధం. ఆయన మెట్లు దిగలేరు, అందుకే అమ్ముతున్నాం."

బ్యాంకాయన వాకరుని ఎత్తి, జాగ్రత్తగా గోడకి ఆనించాడు. కోపంగా లేడు, అదే ఆమెకి ఎక్కువ నొప్పి. "జబ్బుకేముందమ్మా, ఎవరికైనా వస్తుంది. ముందే చెప్పి ఉంటే నేనేమీ అనుకునేవాణ్ణి కాను. మనిషినే దాచారంటే ఈ కొత్త రంగు కింద ఏ చెమ్మ దాచారో నాకేం తెలుస్తుంది చెప్పండి?" అన్నాడు. నమస్కారం పెట్టి, భార్యతో మెట్లు దిగిపోయాడు.

"అయిపోయింది," అన్నాడు బ్రోకరు కూలబడుతూ. "చేతికొచ్చిన బేరమమ్మా! ఒక్క మాట మింగి ఉంటే..."

"చాల్లే బాబూ. ఇన్నాళ్ళూ మింగిన మాటలు చాలు." ఆమెకి ఏడుపు రాలేదు. వొంట్లోంచి ఏదో బరువు దిగినట్టుంది, కానీ నెలాఖరు దిగలేదు కదా. ఆ కాలు, ఆ ఇల్లు రెండూ చెయ్యిజారిపోయాయని తెలుస్తూనే ఉంది. చీపురు తీసి ఊరికే ఊడ్చిన నేలనే ఊడవసాగింది.

"ఆ వెళ్ళింది ఎవరు, ముఖం మాడ్చుకుని పోతున్నారు?" గుమ్మంలో గేటు పిన్ని. మెట్లెక్కిన ఆయాసంతో ఒక చెయ్యి తలుపు మీద వేసింది, రెండో చేతిలో కండక్టరు తువ్వాలు. "ఇది మా ఇంట్లో మర్చిపోయారు నిన్న. ఇద్దామని వచ్చాను." తువ్వాలు ఇచ్చింది గానీ వెళ్ళలేదు. కళ్ళు హాలు దాటి బాల్కనీ మీదికి వెళ్ళాయి. మెల్లగా అక్కడికి నడిచింది. పొద్దెక్కిన ఎండ బాల్కనీ నేలంతా పరుచుకుని ఉంది. పిన్ని వొంగి అరచెయ్యి నేల మీద ఆనించింది, పిల్లల నుదురు చూసినట్టు.

"ఎందాకా ఉంటుంది ఈ ఎండ?"

"మధ్యాహ్నం దాటేదాకా ఉంటుంది పిన్నీ."

"రోజూనా?"

"మబ్బు లేకపోతే రోజూ."

పిన్ని నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏమయ్యా బ్రోకరూ, ఎంత చెబుతున్నావ్ ఇల్లు?"

బ్రోకరు నీరసంగా నవ్వాడు. "మీకెందుకులెండి పెద్దమ్మా."

"నాకు కాకపోతే ఎవరికి? ఇన్నాళ్ళ నుంచీ దారిన పోయే ప్రతివాడూ నా గేటు తీసుకుని వచ్చి చూసి పోతున్నాడు. నేనేమన్నా కళ్ళు లేనిదాన్నా? నేనూ చూడ్డానికే వచ్చాను. చూపించు."

బ్రోకరు మేడక్క వైపు చూశాడు. మేడక్క చేతిలో చీపురు అలాగే ఉంది. పిన్ని ఇద్దర్నీ చూసి గొంతు తగ్గించింది. "కింద ఉంటే నా అట్టలు ఆరవమ్మా. నెలకో కట్ట చెమ్మకి పోతోంది. ఈ ఎండ నా సొంతమైతే నాకింకేం కావాలి? మోకాళ్ళంటావా, రోజుకోసారి మెట్లెక్కితే వాటికీ పని. మీరు కిందికి రండి, నేను పైకొస్తాను. తేడా ఎంతో మీరిద్దరూ తేల్చండి. రిజిస్టర్లు తడిసిన నాటి నుంచీ ఆ ఎండ మీదే నా కన్ను. కానీ మాటల్లేని మనుషుల్ని ఏమని అడగను? నువ్వు అమ్ముతున్నానని ఊరందరికీ చెప్పావు. ఒక్కసారి, పిన్నీ పైకి రా అన్నావా?"

మేడక్క చీపురు వదిలేసి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. జిగురు ఎండి గరుకుగా ఉన్నాయి ఆ చేతులు.  "మీ రుణం..." అని మొదలుపెడితే పిన్ని కసిరింది. "రుణమేంటి, బేరమాడుతుంటే! ముందు ఆ పూలకుండీలు కిందికి పట్టుకుపో. పైన నేనుంటే నీళ్ళు నీ మీదే కారతాయి, జాగ్రత్త."

బ్రోకరు వేళ్ళు మడుస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు. కాసేపటికి అతని ముఖం వెలిగింది. "అంటే రెండు ఇళ్ళు అమ్మినట్టు కదమ్మా నేను!"

"అమ్మావు బాబూ, అమ్మావు. నువ్వు దాచమనకపోతే ఆయన ఆ ఇంటి గుమ్మం తొక్కేవారే కాదు. నీకూ రుణపడ్డాను," అంది మేడక్క. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అంది. అతను సిగ్గుపడి ఫోన్లు రెండూ జేబులో పెట్టుకున్నాడు.

ముగ్గురూ మెట్లు దిగుతుండగా మేడక్క సగంలో ఆగిపోయింది. "అయ్యో, అందరం తేల్చేసుకుంటున్నాం. ఆయన్ని అడగలేదే!"

"ఎవరు తేల్చేసుకున్నారు?" అంది పిన్ని. "కొనేవాడు ఇల్లు చూడొద్దూ?"

కండక్టరు కిటికీ దగ్గర కుర్చీలో దారం ఉండ చేతిలో పెట్టుకుని ఉన్నాడు. మేడక్క ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, అంతా నెమ్మదిగా చెప్పింది. బ్యాంకాయన పోయిన సంగతీ, పిన్ని అడిగిన సంగతీ. ఆయన రెప్ప వెయ్యకుండా విన్నాడు. పిన్ని కొంగు దోపుకుని, బ్రోకరు గొంతు పెట్టింది.

"రావయ్యా, చూసుకో. నేనేమీ దాచను. ధారాళంగా చీకటి, ధారాళంగా చెమ్మ. ఆ మూల గోడ వానాకాలం ఏడుస్తుంది. దోమలు ఉచితం. గేటు చప్పుడు ఎలాగూ నీకిష్టమే."

మేడక్క భుజం మీద చెయ్యి వేసి ఆయన లేచాడు. ఎడమ చేత్తో ముందు ఆమెనీ, తర్వాత గోడనీ పట్టుకున్నాడు. జిగురు మరకల మధ్య ఆయన చెయ్యి పడ్డ చోటుని ఎవరూ చూడలేదు. ముందుగది చూశాడు. పడకగదిలో మంచం ఎటు వెయ్యాలో అన్నట్టు తల అటూ ఇటూ తిప్పాడు. ఏడ్చే గోడని వేలితో నొక్కాడు. అప్పుడు వీధి గుమ్మం వైపు నడిచాడు. అవతల సిమెంటు చేసిన చదును నేల గేటు దాకా ఉంది. ఇన్నాళ్ళూ ఆ గుమ్మాన్ని ఆయన కుర్చీలోనే దాటాడు, ఇద్దరు ఎత్తితే. ఇప్పుడు కుడికాలు ఎత్తబోయాడు. బొటనవేలు గడప చెక్కకి తగిలి ఆగిపోయింది. ఇంకోసారి ఎత్తాడు. మళ్ళీ తగిలింది. మేడక్క వొంగి ఆ కాలు పట్టుకుని ఎత్తబోయింది. ఆయన ఆమె చెయ్యి తోసేశాడు.

పిన్ని వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి, ఆగాయి, నుదుట నరం ఉబ్బింది. ఎవరూ మాట అందించలేదు.

"గ...డప," అన్నాడు. "ఎత్తు. కొట్టిం...చాలి."

కొనే మనిషి పెట్టిన మొదటి వంక అది. పధ్నాలుగు నెలల్లో తన ఇల్లెలా ఉండాలో ఆయన చెప్పిన మొదటి మాట కూడా అదే.

"తప్పకుండా కొట్టిస్తాను. రేపే మేస్త్రీని పిలుస్తాను," అంది పిన్ని. కొనేవాళ్ళతో ఎంత మర్యాదగా మాట్లాడాలో అంత మర్యాదగా అంది. "ఇంకేమన్నా మార్చమంటావా?"

ఇంకేమన్నా. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. డాక్టర్లు ఆమెనడిగారు, బ్రోకరు ఆమెనడిగాడు, ప్రేమగానే అయినా ఆమె కూడా అన్నీ తనే నిర్ణయించింది. మేడక్కకి పిన్ని కాళ్ళ మీద పడాలనిపించింది. కానీ కదిలితే ఆయన ఆలోచన ఎక్కడ చెదిరిపోతుందో అని గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరికి చెప్పుకోవాలో తెలియని కృతజ్ఞతతో అలాగే నిలబడింది.

కండక్టరు చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ఇంకా చూడని గది ఒకటి మిగిలిందని గుర్తొచ్చినట్టు, గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ వంటగది వైపు బయలుదేరాడు. ముగ్గురూ ఆయన వెనక నడిచారు, ఎవరూ తొందరపెట్టలేదు.